తలుపు దగ్గర మాట

"ఇందులో అంతా డాక్టరుగారి గొప్పే ఉంది, మారెన్. నువ్వెక్కడున్నావు? సీటు ఆయనకే ఇప్పిద్దామా?" అన్నాడు టోబియాస్, ఆమె లాప్‌టాప్‌లో రాసింది చదివి, మాడిన పాన్‌కేకు ఆమె పళ్ళెంలో వేస్తూ.

వాళ్ళ పెళ్ళయి నెల కాలేదు. మెడికల్ కాలేజీ దరఖాస్తు సాయంత్రంలోగా వెళ్ళాలి. వేసవంతా డులూత్ ఊళ్ళో డాక్టర్ లిండ్‌క్విస్ట్ వెంట నీడలా తిరిగి ఏం నేర్చుకుందో రాయమన్నారు.

"మూల నిలబడి చూడడమే కదా నా పని! రాయడానికి నేనేం చేశాను గనక?" మారెన్ పళ్ళెం పక్కకు నెట్టింది.

"సరే, రాసుకో తల్లీ." వంటింట్లోకి వెళ్ళబోతూ అతను తలుపు పిడి పట్టుకుని ఆగాడు. "ఆఁ, ఇంకో మాట..."

మారెన్ లాప్‌టాప్ మూసి, కుర్చీ అతని దగ్గరికి లాక్కుని కూర్చుంది. "చెప్పు, వింటున్నా."

టోబియాస్ తెల్లబోయాడు. "ఇదెప్పుడు నేర్చావు? ఇదివరకు 'తర్వాత చూద్దాంలే' అనేదానివి!"

"డాక్టరుగారి అలవాటు. ఆయన వెళ్ళబోతూ తలుపు మీద చెయ్యి వేశాకే రోగులు అసలు బాధ బయటపెడతారు. ఆయన వెనక్కొచ్చి మళ్ళీ కూర్చుంటారు."

"అయితే నువ్వు ఊరికే నిలబడలేదన్నమాట!"

"అదే కదా నేను రాయాల్సింది!" అంది మారెన్. గబుక్కున లాప్‌టాప్ తెరిచి టకటకా కొట్టసాగింది.

పంపేశాక గుర్తొచ్చి వంటింట్లోకి పరిగెత్తింది. "అవునూ, ఏదో చెప్పబోయావు?"

అతను గరిటె వంక చూస్తూ నసిగాడు. "నీకు సీటు ఏ ఊళ్ళో వచ్చినా... నేనూ రావచ్చుగా?"

మారెన్ పకపకా నవ్వి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వు రాకపోతే నాకు పాన్‌కేకులు ఎవరు మాడ్చిపెడతారయ్యా?"