గొట్టాల మోత

పైగదిలో నార్మన్ ట్యూబా అందుకున్నాడు. బొయ్‌మని అరిచే ఆ ఇత్తడి బాకా బరువు దూడంత ఉంటుంది. కింద వంటింట్లో టీ కప్పులు గలగలలాడాయి. ఎడ్నా క్లెగ్‌కి ఒళ్లు మండింది.

బార్న్స్‌లీ ఊరి బ్యాండులో వాయించుకుంటాడు కదా పాపం అని గది అద్దెకిస్తే, స్నానానికి ముందొకసారి, తర్వాతొకసారి! అద్దె మాత్రం ఠంచనుగా ఇచ్చేస్తాడు, పొమ్మనడానికి వంకే దొరకదు. ఇల్లు చూసుకో నాయనా అంటే, "ట్యూబాకి ఎవరిస్తారండీ?" అంటాడు. ఈ మనిషిని వేరే కొంపకి తరలించి, ఆ గదిలో నోరూ వాయీ లేనివాణ్ణి దింపే ఏజెంటు కావాలి ఆవిడకి.

మొదట డాబ్సన్ అనే పెద్దమనిషి వచ్చాడు.

"అద్దెకొచ్చేవాళ్ల గురించి ఎలా ఆరా తీస్తారండీ?"

"పాత ఇంటావిడ మాట అస్సలు నమ్మను. చుట్టుపక్కల వాకబు చేస్తాను."

ఇరుగుపొరుగు నోరు విప్పితే ఇంకేమైనా ఉందా! "టీ అయిందిగా, దయచేయండి" అంది ఎడ్నా.

తర్వాత గ్యారెత్ వచ్చాడు, కుర్ర ఏజెంటు. "మాకు పాత ఇంటావిడ మాటే వేదం మేడమ్!"

ఎడ్నా డబ్బాలోంచి చాక్లెట్ బిస్కెట్లు తీసింది. "అయితే నా గది నీకే అప్పగిస్తున్నా. మనిషిని ఎంచడం, నా తరఫున సంతకం పెట్టడం, అంతా నీదే భారం. ముందు మా నార్మన్‌కి ఓ ఇల్లు చూడు."

"మనిషి మంచివాడేనా?"

ఆవిడ రాని కన్నీళ్లు ఒత్తుకుంది. "బంగారం! ఇంట్లో ఉన్నాడా లేడా అన్నట్టుంటాడు. అలాంటివాడు మళ్లీ దొరుకుతాడా?"

పైన ట్యూబా ఘీంకరించింది. గ్యారెత్ ఉలిక్కిపడి, "ఏంటది?" అన్నాడు.

"నీళ్ల గొట్టాలు. పాత కొంప కదా, అప్పుడప్పుడూ మోత పెడతాయి."

వారం తిరక్కుండానే నార్మన్ సామాను సర్దేశాడు. "గ్యారెత్ ఇల్లు ఖాయం చేశాడండీ. తాళం ఆఫీసులో ఇస్తాడట." అతను వీధి మలుపు తిరిగేదాకా ఎడ్నా చెయ్యూపి, లోపలికొచ్చి కాళ్లు చాపుకుని, కప్పు కదలకుండా టీ తాగింది. హమ్మయ్య, పీడా పోయింది!

మధ్యాహ్నం గ్యారెత్ తలుపు కొట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"మీ గదికి మనిషి కుదిరాడు మేడమ్! మీ తరఫున సంతకం కూడా పెట్టేశాను."

"అప్పుడేనా! నెమ్మదస్తుడేనా?"

"పాత ఇంటావిడ అతని కోసం ఏడ్చేసిందంటే చూసుకోండి!"

"నా నాయనే! ఎక్కడా మనిషి?"

"వీధిలో సామాను దించుకుంటున్నాడు. నేను దేన్నీ దాచే రకం కాదు మేడమ్, మీ గొట్టాల మోత సంగతి కూడా ముందే చెప్పేశాను. 'నా ట్యూబా ముందు అదెంతలే' అని నవ్వేశాడు మీ నార్మన్!"