స్టేషను ఎదుటి బోర్డు

“గరుత్మంతుణ్ణి తీసేస్తావా? ఆంజనేయస్వామిని కూడానా? నీకేమన్నా బుద్ధుండాదా అప్పా?”

మునిరామయ్య కేకకు లోపల పిండి రుబ్బుతున్న భార్య నాగరత్నమ్మ కూడా వాకిట్లోకి వచ్చింది. తిరుపతి రైలు స్టేషను ఎదురుగా ఆ ఇద్దరూ భోజనాల హోటలు పెట్టి ఏడాది దాటింది. రైలు దిగిన జనం వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడిచి, వీధి చివరి పెద్ద హోటలుకు పోతున్నారు. ఈ వేసవి కూడా ఇలాగే గడిస్తే పొయ్యి ఆర్పేసి సొంతూరు ఐరాలకు పోయి సేద్యం చేసుకుందామని నాగరత్నమ్మ తేల్చి చెప్పేసింది. ఆఖరి ప్రయత్నంగా కొత్త బోర్డు రాయించాలనుకున్నాడు మునిరామయ్య.

రాయడానికి వచ్చినవాడు సుందరరాజు. రంగూన్‌లో అంగళ్ళకు బోర్డులు రాసి బతికినవాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డప్పుడు వేలమందితో పాటు అడవులు దాటి నడిచి వచ్చాడు. దారిలో అయినవాళ్ళను పోగొట్టుకున్నాడని జనం అనుకునేవారు. అతను మాత్రం ఆ మాట ఎత్తడు.

“దేవుళ్ళను లోపలి గోడకు పెట్టుకుందామన్నా,” అన్నాడు సుందరరాజు. “నీ పాత బోర్డు మీద ఇద్దరు దేవుళ్ళు, నీ పేరు, మీ నాయన పేరు, ఇడ్లీ, దోసె, పులిహోర, సుట్టూ తీగలు. రైలు దిగినోడు నెత్తిన మూట, సంకన బిడ్డతో పోతా పోతా ఎంతసేపు సూస్తాడు? ఒక్క రెప్పపాటు. అంతలో కంటికి ఒకటే అందుతుంది.”

“ఏందది?”

“పేరు. నీ హోటలు పేరేమో బారెడుండాది. ఈ పలక మీద పట్టాలంటే చీమలంత అక్షరాలు రాయాల. అలివేలమ్మ అని పెట్టన్నా. ఐదే అక్షరాలు. ఇంతింత లావున రాస్తా.”

మునిరామయ్య కోపం ఎటో పోయింది. తిరుచానూరు అమ్మవారి పేరు! రెండు చేతులూ జోడించాడు.

“ఆ తల్లి పేరంటే కాదంటానా? సరే, నీకేమియ్యాల?”

“రెండు పూటలా అన్నం పెట్టండి. వరండాలో పడుకుంటా. నేనున్నా లేకున్నా ఆ పేరు మాత్రం మార్చగూడదు.”

పని మొదలైంది. మునిరామయ్య ఐదు రంగులు కావాలన్నాడు. సుందరరాజు పలకంతా పసుపు పూసి, నల్లరంగు డబ్బా ఒక్కటే తెరిచాడు. ఎండలోనైనా, రైలు పొగలోనైనా కనపడేది పసుపు మీద నలుపేనన్నాడు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి దగ్గర దగ్గరగా రాస్తే ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయని, నడుమ ఎడం వదిలాడు.

“ఇంత సోటు ఊరికే పోతా ఉండాదే! ఆ మూల పులిహోర అనన్నా రాయగూడదా?” అంది నాగరత్నమ్మ.

“ఆ ఖాళీ ఉంటేనే పేరు కనపడేదమ్మా. వాకిలి నిండా సామాన్లు పెడితే ఇంట్లోకి ఎవురొస్తారు?”

మొదటి అక్షరం దగ్గర మాత్రం అతనికి తృప్తి కలగలేదు. రాశాడు, తుడిచాడు, మళ్ళీ రాశాడు. చివరికి ‘అ’కు పొడుగాటి తోక తీసి వంపు తిప్పాడు.

“ఆ తోకేంది?” అన్నాడు మునిరామయ్య.

“చదువు రానోళ్ళు కూడా బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాల.”

బోర్డు ఎక్కించే రోజు ఇంకో పేచీ. మునిరామయ్య వీధిలో నడిచేవాళ్ళకు కనపడేలా పెట్టమన్నాడు. సుందరరాజు ఆగి ఉన్న రైలెక్కి, కిటికీలోంచి చూసి వచ్చి, బోర్డును స్టేషను వైపు తిప్పాడు.

“తెలుగోళ్ళు యాడున్నా, ఎప్పుడో ఒకసారి ఈ కొండకు రాక మానరన్నా. రైల్లోంచే కనపడాల.”

వీడికున్న వ్యాపారం తెలివి నాకు లేకపోయిందే అనుకున్నాడు మునిరామయ్య.

నెల తిరగకముందే “అలివేలమ్మ హోటలు యాడ?” అని అడుగుతూ జనం రావడం మొదలైంది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు చాలేవి కావు. నాగరత్నమ్మ ఐరాల మాటే మరిచిపోయింది. వీధిలోని మిగతా అంగళ్ళవాళ్ళూ సుందరరాజు కోసం వచ్చారు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు కూడా పిలిచారు. అతను పోలేదు.

“మా నాగరత్నం సాంబారు వదల్లేకే ఈడుండిపోయినాడులే!” అని మునిరామయ్య అందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

బోర్డు కాస్త వెలిసిందంటే చాలు, ఎవరూ అడక్కుండానే సుందరరాజు నిచ్చెన వేసుకుని మళ్ళీ రంగు దిద్దేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

ఒక ఉదయం మద్రాసు రైలు వచ్చి ఆగింది. యాత్రికుల గుంపు గోవిందనామాలతో కొండదారి పట్టింది. వాళ్ళతో దిగిన ఒకామె మాత్రం వెంట పోకుండా రోడ్డు దాటి వచ్చి, బోర్డు కింద నిలబడింది. చేతిలో చిన్న మూట. తల పైకెత్తి ఆ ‘అ’ తోకనే చూస్తూ ఉంది.

“లోపలికి రామ్మా, ఆకేస్తా,” అన్నాడు మునిరామయ్య.

ఆమె కదల్లేదు.

“ఇది రాసినాయన యాడుండాడయ్యా?”

“అదో, ఎదురంగడి దగ్గర, నిచ్చెన మీద. నీకూ బోర్డు కావాల్నా ఏంది?”

ఆమె అటు తిరిగింది. నిచ్చెన మీద మనిషి వీపు మాత్రమే కనిపిస్తోంది. అతను తలొంచుకుని కుంచెను రంగులో ముంచుతున్నాడు. ఆమె గడప పక్క స్తంభాన్ని పట్టుకుంది.

మునిరామయ్యకు ముచ్చటేసింది. “రైల్లోంచే చదివేసినావే! బాగా చదువుకున్నట్టుండావే తల్లీ?”

ఆమె పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది.

“నాకు చదువు యాడొస్తుందయ్యా? నా పేరొక్కటే చదవగలను.”