కాస్త మాడాలి

మైక్రోవేవ్ టింగుమంది. ఆమె కుట్టుమిషను ముందు నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"అయిపోయిందా వంట?" అంది హాల్లో కూర్చున్న అత్తగారు. "పొయ్యి ఇంకా చల్లగానే ఉంది కదమ్మాయ్, దేని మీద చేశావు?"

"మెల్లగా అత్తయ్యా! పైకి వినిపిస్తుంది."

పైన అద్దెకుంటున్నది ముప్పై దాటిన బ్రహ్మచారి. పొద్దున్నే ఆఫీసుకు పోతాడు, చీకటి పడే వేళకు వస్తాడు, ఎవరి జోలికీ పోడు. ఆ మధ్య జ్ఞానదంతం పీకించుకుని, బంతిలా ఉబ్బిన బుగ్గ పట్టుకుని మెట్లెక్కుతుంటే ఆమెకు జాలేసింది. "ఏం తింటావు తమ్ముడూ, సాయంత్రం కాస్త సూపు చేసి పంపిస్తాలే" అనేసింది.

అనడానికేం, అనేసింది. కానీ అవి బడులు తెరిచే రోజులు. యూనిఫాం గుడ్డలు నడుమెత్తున పేరుకుపోయి ఉన్నాయి. కాజాలు కుట్టాలా, కూరగాయలు తరగాలా? వీధి చివర దుకాణంలో ఒక ప్లాస్టిక్ సూపు డబ్బా కొనుక్కొచ్చింది. రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టి, స్టీలు గిన్నెలోకి ఒంపి, పైన కొత్తిమీర చల్లింది. ఆ కొత్తిమీర మాత్రం స్వయంగా తరిగింది.

డబ్బా సూపు ఎంత సుఖమో! గిన్నెలు తోమే పని లేదు, ఉల్లిపాయలకు ఏడ్చే పని లేదు. ఇబ్బందులూ లేకపోలేదు. అంచుల్లో సలసలా కాగుతుంటే నడిమధ్య చల్లగా ఉంటుంది. పైపొర చింపబోతే ఆవిరి తగిలి వేళ్ళు చురుక్కుమంటాయి. తాగిన తర్వాత ఒకటే దాహం. పైగా ఈ రకానికి అడుగున ఎక్కడో మాడిన వాసనొకటి. డబ్బా మీద గరిటె పట్టుకుని నవ్వుతున్న పెద్దావిడ బొమ్మ, కింద 'అమ్మ చేతి వంట' అని పెద్ద పెద్ద అక్షరాలు.

"డబ్బా కొట్టుకోవడమంటే ఇదే," అంది అత్తగారు ఆ అక్షరాలు చదివి. "ఇంతకీ ఇది ఒంటికి వేడి చేస్తుందేమోనే?"

"అది చేసేదే వేడి అత్తయ్యా, ఇంకేం చేయదు."

మొదటి రోజు అతను ఒక చెంచా నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఆమె దొరికిపోయాననుకుంది.

"ఉల్లిపాయ కాస్త మాడింది తమ్ముడూ. మిషను ధ్యాసలో పడి చూసుకోలేదు," అని తనే ముందుగా అబద్ధమాడింది.

"మాడాలక్కా," అన్నాడతను తల ఎత్తకుండా. "మా అమ్మ ఎప్పుడూ మాడ్చేది. కబుర్లలో పడితే పొయ్యి సంగతి గుర్తుండేది కాదు. అచ్చం మా అమ్మ సూపే ఇది."

కళ్ళు తుడుచుకున్నాడు. గిన్నె అడుగుదాకా గీకి తాగాడు.

వాపు దిగాక అక్కడితో ఆగిపోవలసింది. కానీ, "ఇంకొన్నాళ్ళు పంపిస్తారా అక్కా?" అని అతను గుమ్మంలో నిలబడి అడిగితే కాదనలేకపోయింది. ఎలా చేస్తారని అడుగుతాడేమోనని ఒక జవాబు కూడా తయారుగా పెట్టుకుంది. ఉల్లిపాయ, క్యారెట్టు, మిరియాలు, సన్నటి సెగ. అతను ఒక్కనాడూ అడగలేదు. ఖాళీ డబ్బాలను గుడ్డపీలికల్లో చుట్టి చెత్తబుట్టలో అడుక్కి తోసేది. దొంగసొత్తు దాచేవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం," అనేది అత్తగారు.

ఒక సాయంత్రం అతను గిన్నె తిరిగివ్వడానికి వచ్చినప్పుడు ఆమె ఊరుకోలేక అడిగింది. "మీ అమ్మగారు ఉన్నారా తమ్ముడూ?"

"ఉందక్కా. ఈ సూపు చేయడం మానేసింది."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. చేసి పెట్టమని అడిగే మొహమే నాకు లేదు."

ఇంకేం చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒకడు కన్నతల్లిని తలుచుకుని తాగుతున్న గిన్నెలో తను రోజూ పోస్తున్నది ఫ్యాక్టరీ సరుకు. ఆ పైన కొత్తిమీర ఒకటి! తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పూట అత్తగారు కూడా వెక్కిరించలేదు. "చెప్పేయ్ అమ్మాయ్. తిడితే తిట్టనీ, గది ఖాళీ చేస్తే చేయనీ," అంది.

మర్నాడు సాయంత్రం ఆమె స్టీలు గిన్నె తీయలేదు. కొత్తిమీర తరగలేదు. వేడి చేసిన డబ్బాను అలాగే పళ్ళెంలో పెట్టుకుని మెట్లెక్కింది. తలుపు తీసిన అతను డబ్బాను చూశాడు. మొహం పాలిపోయింది.

"రోజూ నీకు పోసింది ఇదే తమ్ముడూ," అంది. "ఒక్క ఉల్లిపాయ కూడా తరగలేదు నేను. ఇది నా సూపూ కాదు, మీ అమ్మ సూపూ కాదు. దుకాణంలో కొన్నది. అమ్మ అమ్మ అని నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

అతను డబ్బా అందుకున్నాడు. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. ఆ పెద్దావిడ బొమ్మ మీద పట్టిన ఆవిరిని బొటనవేలితో మెల్లగా తుడిచాడు.

"మీరెందుకక్కా తలదించుకోవడం," అన్నాడు, తన తల దించుకుని. "ఇది మా అమ్మదే, కంపెనీకి అమ్మింది నేను."