సవరమ్మ జల్లించిన ఇసుక

అప్పారావు సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పంపు బాడీ రెండు చెక్కలైంది. లోపలంతా తొర్రలే.

"ఇదీ పోయింది" అన్నాడు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఎండాకాలం. నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల వాళ్లు ఆయిలింజన్లు పెట్టుకుంటున్నారు. వాటికి పంపులు పోసి అమ్మడానికి అప్పారావు ఇంటి వెనక దొడ్లో ఫౌండ్రీ పెట్టాడు. ఇప్పుడు విస్సన్నపేట ఆసాములు కారిపోతున్న పంపులను బండ్లకెత్తి వెనక్కి పంపిస్తున్నారు. ఇంకొన్ని తిరిగొస్తే కొలిమి ఆర్పేసుకోవడమే.

"అచ్చులో చెమ్మ ఉంటోందండీ" అన్నాడు అచ్చులు కట్టే హనుమయ్య. "కరిగిన ఇనుము చెమ్మకు తగిలితే ఆవిరి లేచి ఇలా తొర్రలు పడతాయి. సాయంత్రం నేను అచ్చు కట్టేటప్పుడు ఇసుక బాగానే ఉంటోంది మరి. పొద్దున పోత పోస్తే ఇదీ వరస."

"మునుపు ఇలా లేదే?"

హనుమయ్య గొంతు తగ్గించాడు. "సవరమ్మ వచ్చిన దగ్గర్నుంచేనండీ."

సవరమ్మ ఇసుక జల్లించి అచ్చుల దగ్గరకు మోస్తుంది. మొగుడు ఇన్నయ్య మామిడికాయలు కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. నడుం పోయింది. ఆమె ఈ పనికొస్తేనే ఊరి చివర పేటలో ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది.

"ఎర్రటి ఎండలో ఆరబెట్టే తెస్తున్నానయ్యగారూ" అంది సవరమ్మ. "పిడికిట్లోకి తీసుకుని మీరే చూడండి."

అప్పారావు చూశాడు. ఇసుకకు వంక పెట్టడానికి లేదు. ఇసుకలో తప్పు లేకపోతే ఏం చేస్తాడు పెద్దమనిషి? తప్పు ఆమె చేతిలో ఉందన్నాడు.

"నీ చెయ్యి అచ్చిరాలేదు. రేపట్నుంచి రావద్దు."

"పెంట ఎత్తమన్నా ఎత్తుతానయ్యా. పని మాన్పించకండి. ఆయన లేవలేడు."

అప్పారావు మొహం తిప్పుకున్నాడు. తల్లి కనకమ్మ మాత్రం ఊరుకోలేదు. "దాని ఉసురు మనకెందుకురా అబ్బాయ్, ఉండనీ" అని బతిమాలింది. కొడుకు వినలేదు. వెళ్లిపోతున్న సవరమ్మను ఆగమని, చాచిన కొంగులోకి రెండు చిన్నరసాలు పైనుంచి జారవిడిచింది. కళ్లు కూడా తుడుచుకుంది.

తర్వాతి పోతలో ఒక్క తొర్ర లేదు. ఆ పై పోతలోనూ లేదు. ఏ పంపు మీద సుత్తి వేసినా ఖంగుమంది.

"నేను చెప్పలేదా అండీ" అని హనుమయ్య మీసం దువ్వుకున్నాడు. ఈ మాట ఊరంతా పాకింది. పాకకుండా ఉంటుందా? మామిడితోటల్లో కూడా సవరమ్మను కాయ ముట్టుకోనివ్వలేదు. అచ్చిరాని చెయ్యట. ఇన్నయ్య ఆ వానాకాలం దాటలేదు.

సవరమ్మ ముట్టిన మైల పోవాలని, రోజూ పొద్దున్నే హనుమయ్య రాకముందే అచ్చుల మీద చెంబుడు నీళ్లు చల్లే కనకమ్మకు, సవరమ్మను మాన్పించిన రోజు నుంచి ఆ పని తప్పింది.