కాకి ముట్టని ముద్ద

"ఇక్కడా కాకి రాలేదు వదినా," అన్నాడు శశిధర్.

అతని అన్నయ్య పోయి ఆ వేళకి పదకొండో రోజు. ఈ పరాయి దేశంలో, తాముండే పుంగ్గోల్‌లో ఫ్లాట్ల కింద ఎంతసేపు నిలబడ్డా ఒక్క కాకీ కనపడకపోయేసరికి, పిండం పెట్టిన ఆకు పట్టుకుని ముగ్గురూ ఈ అడవి పార్కుకు వచ్చారు. నేచర్ సెంటర్ వెనక, ట్రెయిల్ అనే కాలిబాట మొదట్లో, ఒక రాయి మీద పెట్టి ఎదురుచూస్తున్నారు.

"ఫీడింగ్ నాట్ అలౌడ్ లా, బాబాయ్. బోర్డు ఉంది," అంది అన్నయ్య కూతురు కీర్తిక, అక్కడి ఇంగ్లీషు యాసలో.

శశిధర్ వినిపించుకోలేదు. చెట్లకేసి చేతులు జోడించాడు.

"అన్నయ్యా, పాపను నేను చదివిస్తా. వదినకు ఉద్యోగం చూస్తా. ఏ లోటూ రానివ్వను. ఇంకా ఏ కోరిక మిగిలిపోయిందని ముట్టట్లేదు? చెప్పు."

చెట్ల మీద ఆకు కూడా కదల్లేదు. అతను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు.

కీర్తిక తల్లి చెయ్యి లాగింది. "మమ్మీ, లోపలికి వెళ్దామా? ఆఫీసు ప్రాజెక్ట్ రిలీజ్ అయ్యాక ఈ ట్రెయిల్ మొత్తం నాతో నడుస్తానని డాడీ ప్రామిస్ చేశాడు. ఎవ్రీ టైమ్ నెక్స్ట్ సండే అనేవాడు."

శశిధర్ తల ఎత్తాడు.

వదిన కాత్యాయని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రా శశీ, నడుద్దాం."

"మరి కాకి?"

"మనం నడుస్తుంటే అదే వస్తుంది," అందామె.