పగడం కడిగిన ఆదివారం

1982 అక్టోబరు మూడు. పొద్దున తిన్నవి మిరియాల వడలు. ముందురోజు పెరటాసి శనివారం నైవేద్యానికి అత్తయ్య చేసినవి.

ఒక్కటే తినగలిగాను.

మళ్లీ వంటింటి గడప దాకా వెళ్లి, ఊరికే తిరిగొచ్చాను. గట్టు మీద వరసగా సీసాలు. చారుపొడి, కందిపొడి, నువ్వులపొడి. ఒక్క మనిషికి సంక్రాంతి దాటేదాకా సరిపోతాయి.

సౌందరరాజన్ చిత్తూరు నుంచి కారు తెచ్చాడు. నా భార్య తమ్ముడు. అక్కడి కాలేజీలో, నాలాగే జువాలజీ చెబుతాడు. కాలేజీలో కొత్తగా పెద్ద అద్దాల తొట్టి కట్టించి సముద్రపు నీళ్లు నింపాడు.

మా తొట్టిలో ఉన్న పగడాన్నీ, వాళ్లమ్మ అయిన అత్తయ్యనూ ఒకే కారులో తీసుకుపోదామని వచ్చాడు.

మా తొట్టికి అద్దాల సందుల్లోని పుట్టీ ఊడిపోయింది. ఎంత పూసినా నీళ్లు సగానికి దిగిపోతున్నాయి. ఉన్న నీళ్లు వేడెక్కి రాయంతా నాచు పట్టింది. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచితే పగడం బతకదు. అది నాకూ తెలుసు.

రెండు అరచేతులంత రాయి. దాన్నిండా చొక్కా బొత్తాలంత పచ్చటి పూలు. పూలు కావు, ప్రాణులు. నా భార్య కల్యాణవల్లి దాన్ని మండపం అనే ఊరి సముద్రం నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

తను పోయింది. కర్మలన్నీ అయ్యాక కూడా అత్తయ్య కొడుకు వెంట వెళ్లలేదు. తొట్టిలో ఆవిరైపోయినంత మంచినీళ్లు రోజూ పొయ్యాలి, అల్లుడు కాలేజీకి పోతే ఆ పని ఎవరు చేస్తారు అన్నారు.

మూడేళ్లయింది.

ఆ మాట కూడా నాతో అన్నది కాదు. ఆమె కాలపు అత్తగార్లు అల్లుడి ముఖం చూసి మాట్లాడరు. నాకు చెప్పాల్సినవన్నీ తొట్టికి చెప్పేవారు.

"ఏమే పగడమ్మా, మీ అయ్యవారికి చెప్పు. కాఫీ ఆరిపోతా ఉండాది."

కూతురు లేని ఇంట్లో అత్తగారు ఇంకెన్నాళ్లు అని వీధిలో ఎవరైనా అడిగితే నేను చెప్పులు వెతుక్కునేవాణ్ని. ఉండమని అడిగే మాట నాకూ దొరకలేదు.

"బావా, పళ్ల బ్రష్షు యాడ?"

సౌందరం పంచె ఎగ్గట్టి, వరండాలో బేసిన్ల ముందు కూర్చున్నాడు.

"ఒక్క పోగు నాచు వచ్చినా, ఒక్క నత్తగుడ్డు వచ్చినా నా తొట్టి పని అంతే. కడిగినాకే కారెక్కేది."

రాయి అతను పట్టుకున్నాడు. నేను తోమాను. పూలన్నీ ముడుచుకుపోయాయి. నాచు జుట్టులా ఊడి నీళ్లలో తేలింది. నత్తల్ని ఒక్కొక్కటే పీకి పాత తొట్టిలో వేశాను.

చాలన్నాడు. నాకు ఆ సందులో ఇంకేదో ఉన్నట్టు అనిపించింది. మళ్లీ తోమాను.

"అబ్బా, పెండ్లికూతురికి నలుగు పెడతా ఉండావా? తోలు ఊడొస్తాది."

చేతులు తుడుచుకుని గేటు దాకా వెళ్లాను. కారు పైన అత్తయ్య ట్రంకుపెట్టె, తాడుతో కట్టి ఉంది. ముడి వదులైందేమోనని లాగి చూశాను.

గట్టిగానే ఉంది.

ఇక మిగిలింది ఒక్క పని. రాయిని మంచినీళ్లలో ముంచి తియ్యాలి. లోపల దాక్కున్న ఉప్పునీటి పురుగులు మంచినీళ్లకు తట్టుకోలేక బయటపడతాయి.

ముంచాడు.

అడుగు బొక్కలోంచి గోరంత పీత ఊడిపడింది. కాళ్లనిండా వెంట్రుకలు. ముందరి కొండి ఒకటి లేదు.

"ఇదీ దొంగ! ఇన్నాళ్లూ పగడాన్ని కొరుక్కు తినింది ఇదే. తూములో పారెయ్ బావా."

అరచేతిలోకి తీసుకున్నాను. కాళ్లు మెల్లగా ఆడిస్తోంది.

"ఉప్పునీళ్లల్లో వెయ్యి నాయనా. లేకుంటే చస్తాది."

తలెత్తాను.

అత్తయ్య గడప దాటి వరండాలోకి వచ్చారు. నా ముఖంలోకే చూస్తున్నారు.

పీతను పాత తొట్టిలో వదిలాను. కాసేపు కదల్లేదు. తర్వాత నత్తల్ని తోసుకుంటూ మూలకు నడిచింది.

"ఏం తింటాది అది?"

"నాచు తింటుంది, అత్తయ్యా."

"పగడాల్ని కూడా తింటాది," సౌందరం అందుకున్నాడు. "ఆ మాట కూడా చెప్పు బావా."

"పగడాల్ని నువ్వు ఎత్తుకపోతా ఉండావు గదరా?"



ఆమె బేసిన్ ముందు కూర్చున్నారు. తేలుతున్న నాచును దోసిట్లోకి తీసి, తొట్టిలో వేశారు. మళ్లీ తీశారు. మడిచీర కొంగు తడిసింది. తొట్టిలో నీళ్లు సగానికే ఉన్నాయి. పీతకు చాలు.

"అమ్మా, పొద్దు పోతా ఉండాది. చంద్రగిరి దాటేసరికే చీకటి పడతాది."

"పెట్టె దించరా."

"ఒక పీత కోసరమా?"

అత్తయ్య ఇంకో దోసెడు నాచు తీశారు. సౌందరం నావైపు చూశాడు. నేను బ్రష్షు కడుగుతున్నాను. దానికి నాచు పోయి చాలాసేపయింది.

ఇద్దరం కలిసి పెట్టె దించాం.

పగడాన్ని సముద్రపు నీళ్లున్న మూతబకెట్లో పెట్టి, వెనక సీటు మీద దుప్పటి చుట్టి కూర్చోబెట్టాడు. కారు ఎక్కబోతూ ఆగాడు.

"పుట్టీ పంపిస్తాలే బావా. ఉండే సగమన్నా నిలవనీ."

కారు మలుపు తిరిగింది. నేను బేసిన్లు బోర్లించాను. తుడిచిన వరండానే మళ్లీ తుడిచాను. గేటు దాకా వెళ్లి, ఖాళీ రోడ్డు చూసి వచ్చాను.

నేను లోపలికి వచ్చేదాకా అత్తయ్య తలుపు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టారు.