ఊరి పుస్తకంలో పేరు

“నాలుగోసారి వచ్చావన్నా. నాలుగోసారీ కుదరదనే చెబుతాను,” అన్నాడు దూ మన్‌చాంగ్, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు నేలమీదికి ఉమ్ముతూ. షీగౌ ఊరికి అతనే పెద్ద. ఊరి ముద్ర అతని సొరుగులోనే ఉంటుంది.

పెయ్ షౌలిన్ సిగరెట్ పెట్టె బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పన్నెండేళ్ల కిందట కొడుకు యాంగ్ కాలేజీలో చేరినప్పుడు, వాడి పేరు, ఇంటివాళ్ల పేర్లు సర్కారు రాసిచ్చే ఇంటి పుస్తకంలోంచి తీయించి పట్నంలో రాయించింది తనే. ఆ రోజు గొర్రెను కోసి ఊరందరికీ పెట్టాడు. పేరు ఎక్కడుంటే మనిషి అక్కడివాడు. ఇప్పుడా పేరు వెనక్కి రావాలి. అదీ ఇవాళే రావాలి. రేపటినుంచి వారం రోజులు ఆఫీసులన్నిటికీ సెలవులు.

“పట్నం పుస్తకంలో పేరు కోసం జనం కాళ్లావేళ్లా పడుతుంటే మీవాడికిదేం బుద్ధి? కొత్త రోడ్డు పడుతోందని తెలిసిందా?”

“రోడ్డు సంగతి నాకు తెలీదు.”

“నీకు తెలీకపోతే వాడికి తెలుసు. చదువుకున్నోడు కదా. భూములు రోడ్డుకి పోయేనాటికి పేరుంటే పరిహారంలో వాటా వస్తుందని చూస్తున్నాడు.”

“వాటా వద్దని రాసిస్తాను.”

మన్‌చాంగ్ గింజలు నమలడం ఆపాడు. “పొలమో?”

“వద్దు.”

“ఇంటిస్థలం?”

“అదీ వద్దు.”

“మరింకేం మిగిలింది? ఓటొకటి, ఊళ్లో పేరున్నవాళ్లకే ఇచ్చే శ్మశానం కొండమీద చోటొకటి. ఓటెయ్యడానికి ఆ నింగ్బో పట్నం నుంచి రెండ్రోజులు రైల్లో వస్తాడా? వచ్చినా నాకు వేస్తాడా?”

“నీకు తప్ప ఎవరికేస్తాడులే.”

ఇంకో రోజైతే షౌలిన్ బల్ల గుద్ది లేచేవాడు. ఈ మధ్య అతనికి కోపం రావడం మానేసింది. ఆకలీ అంతే. మన్‌చాంగ్ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద వేలిముద్ర వేశాడు.

“అన్నా, నిజం చెప్పు. పిల్లనేమైనా చూశారా? మా ఆవిడ చెల్లెలి కూతురుంది. ఊళ్లో ఉండే కుర్రాడైతేనే ఇస్తామంటున్నారు.”

“పెళ్లి మాటలిప్పుడు వద్దులే తమ్ముడూ. ముద్ర వెయ్.”

మన్‌చాంగ్ ముద్ర మీద నోటితో ఆవిరి ఊది, కాగితం మీద గట్టిగా నొక్కాడు.

మండల పోలీసు స్టేషన్‌లో పేర్లు నమోదు చేసే కిటికీ దగ్గరికి షౌలిన్ చేరేసరికి నాలుగు దాటింది. లోపలున్న అమ్మాయి కాగితాలన్నీ తిరగేసింది.

“మనిషి రావాలి కదా బాబాయ్.”

“రేపొస్తాడు. వాళ్ల మేనమామ తీసుకొస్తున్నాడు.”

“రేపు మేముండం.”

“అందుకే వాడు రాసిచ్చిన కాగితం తెచ్చాను. అదిగో, అడుగున.”

ఆ అమ్మాయి కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. “ఇదేం సంతకం? కోడి గీకినట్టుంది.”

“పడుకుని పెట్టాడు.”

“మా తమ్ముడూ ఇంతే. అన్నం కూడా పడుకునే తింటాడు.” ఆమె నవ్వింది. తనూ నవ్వితే బాగుంటుందని షౌలిన్‌కు తెలుసు. మొహం కదల్లేదు.

“ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. పట్నంలో పేరు తీసేశాక మళ్లీ అక్కడ పెట్టించడం మీవల్ల కాదు. తర్వాత నెత్తీనోరూ బాదుకున్నా లాభం లేదు. ఆలోచించుకున్నారా?”

“వాడికిక అక్కడ పనిలేదమ్మా. ఊరికి తీసుకుపొమ్మని వేసవిలోనే అడిగాడు. ఊరి ముద్ర పడేసరికి ఇన్నాళ్లయింది.”

ఆమె తల అడ్డంగా ఊపి టైపు చేయడం మొదలుపెట్టింది. మిషను కిర్రుమని ఒక పేజీ బయటికి తోసింది. దాన్ని ఇంటి పుస్తకంలో చేర్చి అతని చేతికిచ్చింది. షౌలిన్ వేలు పెట్టి చదివాడు. పెయ్ యాంగ్. కొడుకు. షీగౌ గ్రామం. మూడుసార్లు చదివాడు. హమ్మయ్య అనుకోవలసిన చోట కూడా లోపల ఏమీ అనిపించలేదు.

“ఇక మీవాడు షీగౌ మనిషే బాబాయ్. కంప్యూటర్లో కూడా ఎక్కింది, కాదనడానికి ఎవరికీ హక్కులేదు. ఇంకేమైనా పనుందా?”

షౌలిన్ పుస్తకాన్ని అదే పేజీ దగ్గర తెరిచి, కిటికీలోంచి లోపలికి తోశాడు.

“వాడు పోయి తొమ్మిది రోజులైందమ్మా. రేపు శ్మశానం కొండమీద చోటిస్తారు, ఇక ఆ పేరు కొట్టెయ్.”